ఎడమవైపు గళ్ళు

అక్క ఏడో అంతస్తు మెట్లు దిగుతుంటే బామ్మర్ది లేచొచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.

మెట్లంటే ఇంటి మెట్లు కావు, ఆటలో మెట్లు. నల్లటి తెర, దాని మీద తెల్లగీతల గోడలు, గోడల మధ్య సందు, సందు చివర కిందికి దిగే మెట్లు. అక్క బట్టలు కుట్టే మనిషి. కుట్టుమిషన్ని గోడవారకి నెట్టి, ఆ బల్ల మీదే కంప్యూటరు పెట్టుకుని, పక్కన గళ్ళ కాగితం పరిచి, పెన్సిలు చెవిమీద దోపుకుని కూర్చుంది. మీట ఒకసారి నొక్కితే ఆటలో ఒక అడుగు. ఒక అడుగు పడితే కాగితం మీద ఒక గడి. ఈ ఆట దారి చూపించదు. ఎవరి పటం వాళ్ళు గీసుకోవాల్సిందే. ముప్ఫై నలభై ఏళ్ళ కిందటి ఆటలు అలాగే ఉండేవి. బావకీ బామ్మర్దికీ ఆ ఆటలంటే ప్రాణం కనుక వాళ్ళు చేసే ఆటా అలాగే ఉంటుంది. తప్పులేమైనా ఉన్నాయేమో ముందుగా ఆడి చూడ్డం అక్క వంతు.

"ఏడుకొచ్చాను," అంది అక్క, తెరమీంచి కళ్ళు తిప్పకుండా. "మీ ఇద్దరి పుణ్యమా అని నాకు చూపు పోయేట్టుంది."

"ఇవాళ్టికి చాల్లే అక్కా. రేపు చూద్దువుగాని."

"పొద్దున పదకొండు కాలేదు, అప్పుడే రేపేంట్రా? నిన్నటిదాకా నా ప్రాణం తీసింది నువ్వేగా, తొందరగా, తొందరగా అని."

తొందరపెట్టిన మాట నిజం. పక్కగదిలో మంచం మీదున్న బావ ఇంకెన్నాళ్ళుంటాడో డాక్టరు వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పాడు, ఒక చేతి వేళ్ళతోనే. అవి నెలలు కావు, వారాలు. ఆ లోపల ఆట అయిపోవాలి. కానీ ఏడో అంతస్తు నుంచి పదకొండో అంతస్తు దాకా ఎడమవైపు సందులు బావ గీసినవి కావు. అవి బామ్మర్ది గీసినవి. ఆ సంగతి అక్కకి తెలిస్తే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే, మళ్ళీ ఈ జన్మలో తన మొహం చూడదు. అతని భయమంతా అదొక్కటే.

అసలీ ఆటల పిచ్చి అంటించింది బావే. అక్కని చేసుకుందామని ఆ ఇంటి చుట్టూ తిరిగే రోజుల్లో, పదకొండేళ్ళ బామ్మర్దిని మంచిచేసుకోవడానికి ఓ కంప్యూటరు కొట్టుకి తీసుకెళ్ళి ఇలాంటి ఆట ముందు కూర్చోబెట్టాడు. నలుగురు మనుషులు వరసగా నిలబడతారు. కత్తి పట్టినావిడ, వైద్యుడు, మంత్రగాడు, దొంగ. ఎదురుగా భూతాలు వరసగా నిలబడతాయి. వీళ్ళొక దెబ్బ కొడితే అవి మర్యాదగా ఆగి, తమ వంతు వచ్చాక ఒక దెబ్బ కొడతాయి. "చూశావురా, ఎంత పద్ధతైన పోట్లాటో. మీ ఇంట్లో అందరూ ఒకేసారి అరుస్తారు," అన్నాడు బావ. పిల్లాడు ఆటకి పడిపోయాడు, ఆ తర్వాత అక్క బావకి పడిపోయింది. పడిన క్రమం అదేనని బావ చెబుతాడు, కాదని అక్క ఇప్పటికీ ఒప్పుకోదు.

బావ చదువు అంతంతమాత్రం. స్థలాలు కొలిచే ఆఫీసులో ఇళ్ళ పటాలు గీసే పని ముప్ఫై ఏళ్ళు చేశాడు. సాయంత్రాలు జెరాక్సు కొట్టు మీదున్న గదిలో ఇద్దరూ కూర్చుని 'నేల కింది కోట' అని ఒక ఆట చేశారు. పటాలు బావవి, కంప్యూటరు పని బామ్మర్దిది. ఆడినవాళ్ళు కొద్దిమందే గాని, ఆడినవాళ్ళు మాత్రం వదల్లేదు. రెండోదెప్పుడని ఉత్తరాలు రాసి రాసి చంపారు. ఆ రెండోదే ఇప్పుడు అక్క ముందున్నది.

ఈ రెండో కోటలో బావ పెట్టిన చమత్కారాలు అన్నీ ఇన్నీ కావు. దొంగకి అచ్చం బామ్మర్ది ముక్కే పెట్టాడు. మూడో అంతస్తులో ఓ పెట్టె ఉంటుంది, తెరిస్తే తుమ్ముతుంది. నాలుగో అంతస్తులో ఓ సమాధి, దాని మీద "ఇక్కడ నిద్రపోతున్నది మా బామ్మర్ది. లేపకండి, ఎలాగూ లేవడు" అని రాసుంటుంది. కానీ ఒక్క విషయంలో మాత్రం బావ వేళాకోళమాడడు. దారి మూసుకుపోయిన ప్రతి సందు చివరా ఏదో ఒకటి పెడతాడు. ఓ రొట్టెముక్క, పడుకున్న పిల్లి, సగం రాసిన ఉత్తరం. ఏమీ తోచకపోతే ఓ పీట వేసి "కూర్చో. తప్పుదారేలే. ఇక్కడికి అందరూ వస్తారు" అని రాస్తాడు. ఎందుకు బావా ఇంత చాకిరీ అంటే, "అంత దూరం నడిచొచ్చినవాణ్ణి ఉత్తచేతుల్తో పంపిస్తావేంట్రా, మనిషివేనా," అనేవాడు.

రెండో ఆటకి ఏడో అంతస్తు పటం ఇచ్చినప్పుడు బామ్మర్ది ముందు గమనించలేదు. ఎనిమిదోది వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఏడోదాంట్లో ఎడమ అంచు నుంచి నాలుగు వరసలు ఖాళీ. ఎనిమిదోదాంట్లో తొమ్మిది వరసలు.

"బావా, ఎడమవైపు ఖాళీగా వదిలేశావేంటి?"

"ఖాళీ ఎక్కడుందిరా? నిండుగా ఉంటేను," అన్నాడు బావ, మొహంలో ఒక్క కండరం కదలకుండా.

అదే కొంప ముంచింది. వేళాకోళమాడేటప్పుడు బావ మొహం సరిగ్గా అలాగే ఉంటుంది. అప్పడాల పిండిలా తెల్లగా, నున్నగా, ఏ పాపమూ ఎరగనట్టు. బామ్మర్ది పగలబడి నవ్వాడు. "అర్థమైంది బావా. కిందికి దిగేకొద్దీ చీకటి కోటని తినేస్తోందన్నమాట. ఎలా తడతాయి నీకివన్నీ?" అన్నాడు. పొగడ్త వస్తే ఇంటి ముందుదాకా వెళ్ళి తెచ్చుకునే మనిషి బావ. "మరేమనుకున్నావు," అన్నాడు.

ఆ తర్వాత బావ ఎడమచెంప గీయకుండా కుడిచెంప నున్నగా గీసుకుని గదికొచ్చాడు. బామ్మర్ది ఫొటో తీసి, "సగం గడ్డానికి సగం కూలీనా బావా," అన్నాడు. ఎడమ చెప్పు లేకుండా వచ్చిన రోజు ఆ కుంటినడకని అనుకరించి చూపించాడు. తలుపుచెక్కకి ఎడమ భుజం కొట్టుకుంటే "తలుపుతో కూడా వంతులవారీ పోట్లాటేనా" అన్నాడు. బావ కూడా నవ్వేవాడు. ఎందుకు నవ్వుతున్నాడో బావకే తెలీదన్న సంగతి అప్పుడెవరికి తెలుసు. జన్మంతా వేషాలేసిన మనిషికి రోగమొస్తే, అదీ వేషమే అనుకున్నారు.

తొమ్మిదో అంతస్తు సగమే వచ్చింది. పదోది సగం కన్నా తక్కువ. పదకొండోదాంట్లో కాగితం కుడి అంచున మూడే మూడు సందులు, కిక్కిరిసిపోయి, ఒకదాని మీద ఒకటి ఎక్కి. అది ఇచ్చిన వారానికే బావ వీధిలో పడిపోయాడు.

ఆసుపత్రిలో డాక్టరు ఓ కాగితం ఇచ్చాడు. దానినిండా చిన్నచిన్న గీతలు. అన్నిటినీ కొట్టెయ్యమన్నాడు. బావ కుడివైపున్నవన్నీ కొట్టేసి, "అయిపోయింది, ఇంకోటివ్వండి," అన్నాడు దర్జాగా. అలవాటు కొద్దీ బామ్మర్ది నవ్వబోయాడు. డాక్టరు నవ్వలేదు. బావని బయటికి పంపించి, తలలో కుడిపక్క గడ్డ పెరుగుతోందన్నాడు. కళ్ళు బాగానే ఉన్నాయి గాని ఎడమవైపు అనేదొకటుందన్న సంగతే ఆయన మనసులోంచి పోయిందన్నాడు. ఆయనకి పోయినట్టు కూడా తెలీదు, అందుకే చెప్పలేడు, పక్కవాళ్ళే గమనించాలి అన్నాడు.

"ఎన్నాళ్ళనించి ఇలా ఉంది? ఎవరైనా చూశారా?"

అక్క నేలచూపులు చూసింది. బామ్మర్ది తన బూట్లు చూసుకున్నాడు. ఇద్దరూ ఒకేమాట అన్నారు, లేదని.

"ఆరేడు నెలల ముందొచ్చి ఉంటే కోసి తీసేవాళ్ళం," అన్నాడు డాక్టరు. "ఇప్పుడు లోతుకి పోయింది."

బావకి ప్రతి పటం మీదా తారీఖు వెయ్యడం ఆఫీసు అలవాటు. కుడి మూల, అడుగున వేస్తాడు. అందుకే ఆ తారీఖులు ఒక్కటీ పోలేదు. బామ్మర్ది గదికెళ్ళి ఏడో కాగితం తీసి చూశాడు. ఎనిమిది నెలల కిందటిది.

ఆ మర్నాటి నుంచి మూడు మధ్యాహ్నాలు తలుపేసుకుని కూర్చున్నాడు. కింద జెరాక్సు మిషను గడగడలాడుతుంటే, అయిదు పటాల ఎడమభాగాలు కొత్త కాగితాల మీద తనే గీశాడు. బావ గీత ఎలా వంగుతుందో, గుమ్మాలు ఎక్కడ పెడతాడో, ఎన్ని అడుగులకోసారి మలుపు తిప్పుతాడో అన్నీ తెలుసు. చూసినవాడు ఎవడూ కనిపెట్టలేడనుకున్నాడు. బావ గీసిన అసలు కాగితాల్ని తన సంచి అడుగున, కరెంటు వైర్ల కింద పడేశాడు.

అప్పట్నుంచి బామ్మర్ది, బావ మంచానికి ఎడమవైపున కుర్చీ వేసుకుంటున్నాడు. అటు కూర్చుంటే బావకి కనపడడు. గంటలకొద్దీ అక్కడే ఉంటాడు, బావ మాత్రం "వీడెక్కడ చచ్చాడే, రెండ్రోజులయింది కనపడి," అని అక్కనడుగుతుంటాడు. ఎడమనించి "ఇక్కడే ఉన్నా బావా" అంటే, గొంతు కోసం కుడివైపు గోడంతా వెతికేవాడు. అందుకని బామ్మర్ది మాట్లాడ్డం కూడా మానేశాడు. కిటికీ వెలుతురు కోసం అటు కూర్చుంటున్నాడేమో అనుకుంది అక్క.

ఇప్పుడు ఆ అక్కే మీటలు నొక్కుకుంటూ పోతోంది. కాగితం మీద గడి వెనక గడి నిండుతోంది.

"ఒరేయ్."

"ఊ."

"ఇక్కడ సందు మూసుకుపోయింది. కానీ ఏమీ లేదే."

"ఎక్కడ?"

"ఎడమవైపు. ఇందాక ఇంకో సందులో కూడా లేదు."

"ఉండదక్కా, అన్నిచోట్లా ఎందుకుంటుంది."

అక్క వెనక్కి తిరిగి, లెక్కపెట్టుకుంటూ అడుగులేసి, మూడో సందులోకి వెళ్ళింది. అదీ ఖాళీ. అక్కణ్ణించి కోటకి అడ్డంగా కుడివైపుకి నడిచి ఓ సందు చివరకెళ్ళింది. అక్కడ పిల్లి పడుకునుంది. మీట నొక్కితే ఒళ్ళు విరుచుకుని, అటు తిరిగి పడుకుంది.

అక్క పెన్సిలు కింద పెట్టింది.

"మర్చిపోయుంటాడక్కా," అన్నాడు బామ్మర్ది. "అప్పటికే ఒంట్లో బాగాలేదుగా."

"మీ బావ మందులేసుకోవడం మర్చిపోతాడు. పెళ్ళిరోజు మర్చిపోతాడు. ఓసారి నన్నే బస్టాండులో మర్చిపోయొచ్చాడు. పీట వెయ్యడం మర్చిపోడు." అక్క కుర్చీ ఇటు తిప్పింది. "ఇది నువ్వు గీసింది."

జాకెట్టు చూసి కుట్టిందెవరో చెప్పే మనిషి దగ్గర అబద్ధాలేం ఉడుకుతాయి.

"ఆయన గీసినవేవి? తే."

తెచ్చాడు. వైర్లకింద నలిగిన అయిదు కాగితాల్నీ అక్క అరచేత్తో చదునుచేసి, గుడ్డముక్కలు కత్తిరించే ముందు పరిచినట్టు నేలమీద వరసగా పరిచింది. పక్కన నిలబడి చూసింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు. తెల్లదనం ఎడమనించి కుడికి, కాగితం నించి కాగితానికి జరుగుతూ వచ్చింది. అక్క వంగి తారీఖులు ఒక్కొక్కటీ చదివింది. ఏడోదాని దగ్గర వేలు ఆగిపోయింది.

"ఇది నీకెప్పుడిచ్చాడు?"

"ఆ రోజే."

"చూశావా?"

"చూశాను. ఎనిమిదోది వచ్చాక, ఖాళీ ఎందుకు పెట్టావని అడిగాను కూడా. నిండుగానే ఉందన్నాడు." బామ్మర్ది ఏడో కాగితం మూల మడత సరిచేశాడు. "వేళాకోళమనుకున్నానక్కా. నవ్వాను. బాగుందని మెచ్చుకున్నాను. నేను మెచ్చుకున్నానని తర్వాతవి ఇంకా..."

అక్క తిడుతుందని చూశాడు. చెంప మీద కొడితే బావుండుననుకున్నాడు. అక్క గోడకి చేరబడి నేలమీద కూర్చుంది.

"కంచంలో ఎడమవైపు తినేవాడు కాదు," అంది. "కూర ఎటు వేస్తే అటు వదిలేసేవాడు. ఇష్టం లేదేమో, నన్ను ఏడిపిస్తున్నాడేమో అనుకున్నాను. ఓ రోజు విసుగొచ్చి కంచం తిప్పి పెట్టాను. అటుది ఇటొచ్చింది, తినేశాడు. ఆ తర్వాత ఇంక అడగలేదురా. పూటపూటకీ తిప్పి పెట్టాను. ఎన్ని నెలలో నాకే తెలీదు. డాక్టరు అడిగితే లేదనేశాను."

బామ్మర్ది తలెత్తాడు.

"మూడు వారాలనించి ఒక్కదాన్నే మోస్తున్నాను," అంది అక్క. గొంతు పెంచలేదు, అందుకే ఎక్కువ తగిలింది. "ఆయన్ని నా చేత్తో నేనే చంపుకున్నాననుకుంటూ, కుట్టిన చొక్కాకి నాలుగు చేతులు పెట్టుకుంటూ తిరిగాను. నువ్వు ఆ పక్కగదిలోనే కూర్చున్నావు. నవ్వినందుకు నిన్ననేదేం లేదు, నేనూ కంచం తిప్పాను. కానీ ఇది దాచావు చూడు. దీనికి మాత్రం నిన్ను క్షమిస్తానో లేదో నాకు తెలీదు."

చిన్నప్పట్నుంచీ బామ్మర్దికి ఏదో ఒక జోకు నాలిక చివర ఉండేది. వెతికితే ఇవాళ అక్కడేమీ లేదు.

"నువ్వు గీసినవి తీసెయ్," అంది అక్క లేస్తూ. "ఆయన గీసినంతే ఉంచు."

"అలాగైతే సగం కోట గాలిలో వేళ్ళాడుతుందక్కా. ఆడేవాడికి ఎడమవైపు దారి ఉన్నట్టుండి తెగిపోతుంది. ముందుకెళ్ళడానికేం ఉండదు."

"తెగిపోయిన ప్రతిచోటా పీట వెయ్యి."

"దాని మీద ఏం రాయను?"

"ఏమీ రాయకు. ఆయన రాయందానికి మనమేం రాస్తాం."

ఆ రోజంతా పట్టింది. అయిదు అంతస్తుల్లో ముప్ఫై ఎనిమిది పీటలు. పదకొండో అంతస్తులోనైతే మెట్లు దిగి నాలుగడుగులు వెయ్యగానే చీకటి అంచూ, అక్కడో పీటా. అక్క పక్కనే కూర్చుని ఒక్కొక్క సందూ నడిచి చూసింది. పని మాట తప్ప రెండోమాట అనలేదు. మంచినీళ్ళు ఇచ్చింది గాని గ్లాసు చేతికివ్వలేదు, బల్లమీద పెట్టింది.

సాయంత్రం వెలుగుండగానే అక్క కంప్యూటరు తీసుకెళ్ళి బావ ఒళ్ళో, కుడివైపు జరిపి పెట్టింది. బావ తల దిండుమీంచి కొంచెమే లేస్తోంది. పదకొండు అంతస్తుల పటాలూ ఒకదాని తర్వాత ఒకటి చూపించింది. బావ మెల్లిగా, పైనుంచి కిందికి, ఆఫీసులో పటాలు సరిచూసినట్టు చూశాడు. ఏడు చూశాడు. తొమ్మిది చూశాడు. మూడు సందుల పదకొండోది చూసి తలూపాడు.

"నిండుగా వచ్చింది," అన్నాడు తృప్తిగా. "ఒక్క గడి పొల్లుపోలేదు. వీడు ఎప్పుడూ ఏదో ఒకటి తప్పు కొడతాడే, ఈసారి బుద్ధిగా చేశాడు. ఎక్కడ చచ్చాడు వీడు?"

బామ్మర్ది ఎప్పటి కుర్చీలోనే, ఎప్పటిలాగే ఎడమవైపున కూర్చునున్నాడు. అక్క మంచం మీదుగా అతనివైపు చూసింది. రమ్మనలేదు, వద్దనలేదు. ఊరికే చూసింది.

బామ్మర్ది లేచి, కుర్చీ ఎత్తుకుని, మంచం కాళ్ళవైపు నుంచి చుట్టూ తిరిగి కుడివైపుకొచ్చి కూర్చున్నాడు.

"ఎప్పుడొచ్చావురా?" అన్నాడు బావ. సగం మొహం నవ్వింది.

"ఇక్కడే ఉన్నా బావా. చాలా రోజులుగా."

"చెప్పొద్దూ మరి. దొంగముక్కూ నువ్వూనూ." బావ కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నాలుగో అంతస్తులో నీ సమాధి ఉంచావా, తీసేశావా?"

"ఉంది."

"లేపకండి అని రాసిందేగా?"

"అదే."

"దాని పక్కన ఇంకోటి కట్టు. నాది." అక్క అటు తిరిగి కిటికీ రెక్క సర్దింది. బావ పట్టించుకోలేదు. "ఏం రాస్తావో నీ ఇష్టం. చదివినవాడు నవ్వాలి. ఏడుపుగొట్టు మాటలు రాశావంటే వచ్చి తంతాను."

"అలాగే బావా." బామ్మర్ది బావ కుడిచెయ్యి పట్టుకున్నాడు. "ఏ పక్కన కట్టమంటావు?"

బావ అతన్ని తెలివితక్కువ దద్దమ్మని చూసినట్టు చూశాడు. మొహం తెల్లగా, నున్నగా, ఒక్క కండరం కదలకుండా ఉంది.

"కుడిపక్కనరా. ఇంకే పక్కుంది?"

ఈసారి బామ్మర్ది నవ్వలేదు.